మేస్త్రి గారి అతుకు

ఆమెకు పెట్టిన పేరు కాగితాల మీదే ఉండిపోయింది. ఇంట్లో, వీధిలో, షెడ్డులో అందరికీ ఆమె మొండి. చిన్నప్పుడు తండ్రే ముద్దుగా పెట్టాడు ఆ పేరు. ఇప్పుడదే పేరుతో పళ్ళు నూరుతూ పిలుస్తున్నాడు. కూతుళ్ళకు ఇలాంటి పేర్లు పెట్టే తండ్రులు, ఇలాంటి రోజొకటి వస్తుందని ముందే అనుకోవాలి మరి.

తండ్రి మోటారు సైకిళ్ళ మేస్త్రి. ఆయన వేసిన వైరు అతుకులోకి చుక్క నీరు దూరదని ఊరంతా చెప్పుకుంటుంది. షెడ్డులో ఎవరు ఏ పని చేసినా చివరి చెయ్యి మాత్రం ఆయనదే. వైరుకు వైరు కలిపి సోల్డరు పోసి, వైరు చివరి ప్లగ్గు నిండా నల్లటి పేస్టు కూరి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి చేసి బిగిస్తే గానీ బండి గుమ్మం దాటకూడదు. ఆ బిగింపు చూసి పక్కవీధి మెకానిక్కులు కుళ్ళుకునేవాళ్ళు. కుళ్ళుకోవాల్సిందే, అంత అందంగా ఉండేది.

మొండి ఈమధ్య ఒక కొత్త పని నెత్తికెత్తుకుంది. ఇప్పటి బళ్ళకు పొగగొట్టంలో ఒక సెన్సారు ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎక్కువ పోయాలో తక్కువ పోయాలో బండి కంప్యూటరుకు చెబుతుంది. కంపెనీవాళ్ళు మరీ పీనాసిగా పోయిస్తారు కాబట్టి కొన్ని బళ్ళు ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతాయి, గుంజుతాయి. సెన్సారుకూ కంప్యూటరుకూ మధ్య బయట దొరికే చిన్న పెట్టె ఒకటి తగిలిస్తే, అది సెన్సారు మాటను కాస్త మార్చి అందిస్తుంది. బండి ఇంకొంచెం తాగి, దగ్గు మానేస్తుంది. పెట్టె ఎక్కడ కట్టాలో, వేడి తగలకుండా వైరు ఎటు తిప్పాలో మొండి తనంతట తానే నేర్చుకుంది. షెడ్డులో ఆ పని ఆమెకు తప్ప ఇంకెవరికీ రాదు.

మేస్త్రికి ఆ పెట్టె అంటే గిట్టేది కాదు. "రెండు వైర్లు తిన్నగా మాట్లాడుకుంటుంటే మధ్యలో ఈ చాడీలమారి ఎందుకే?" అనేవాడు. పెద్దల్లుడు, అంటే మొండికి బావ, పక్కనుంచి తల ఊపేవాడు. ఆయన షెడ్డు ముందర టైర్ల కౌంటరులో కూర్చుంటాడు. మొండి పనిచేసే బల్ల మీద ఆయనకు చాలాకాలంగా కన్నుంది.

గొడవ పశువుల డాక్టరమ్మ బండితో మొదలైంది. ఆవిడ గుట్టల మీది పాకలకు తిరిగే మనిషి, బండి గుంజితే పని జరగదు. మొండి పెట్టె తగిలించింది, మేస్త్రి అలవాటు ప్రకారం అతుకులన్నీ మూశాడు. కొన్నాళ్ళు బండి గుర్రమే. తర్వాత పెట్రోలు కంపు, పొగగొట్టం చుట్టూ మసి, ఆగిన చోటల్లా ఇంజను ఆరిపోవడం. మేస్త్రి అందరి ముందూ పెట్టె పీకి బల్ల మీద పడేసి, "సెన్సారును చంపేసింది నీ పెట్టె" అన్నాడు. కొత్త సెన్సారు వేయించి, దాని ప్లగ్గును ఇంకాస్త గట్టిగా తన చేత్తోనే మూశాడు. అంతటితో ఊరుకోలేదు.

"ఈ బండి మళ్ళీ వెనక్కొచ్చిందా, బల్ల బావకిచ్చి నువ్వు కౌంటర్లో కూర్చుంటావు. ఇదే ఆఖరి మాట."

బండి వెనక్కొచ్చింది. డాక్టరమ్మ దాన్ని నెట్టుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చింది.

"మేస్త్రి గారూ, మళ్ళీ అదే రోగం. దారిలో మూడుచోట్ల ఆగింది. నా పేషెంట్లయినా కాస్త నయం, తన్నేముందు చెవులు ఆడిస్తాయి."

మేస్త్రి ముఖం మాడిపోయింది. బావ కౌంటరు దిగి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి తీర్పు చెప్పేశాడు. "పెట్టె ఉన్నన్నాళ్ళూ కంప్యూటరుక్కూడా విషం ఎక్కించింది మావయ్యా. పెట్టె తీసినా విషం పోదుగా."

"బావా, అది కంప్యూటరు. పాము కరిచిన మనిషి కాదు" అంది మొండి.

"ఇంక మాటలొద్దు" అన్నాడు మేస్త్రి. "సాయంత్రానికి నీ సామాను సర్దుకో. బల్ల ఖాళీ చెయ్యి."

మొండి బల్ల వైపు చూసింది. ఆ బల్ల చెక్క మీద ఏ గాటు ఎప్పుడు పడిందో ఆమెకు తెలుసు. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. ఆమె విషయంలో కోపానిదే ఎప్పుడూ పైచెయ్యి.

"సాయంత్రం అవనీ నాన్నా. అప్పటిదాకా బల్ల నాదేగా" అని స్టూలు ఇంకా దగ్గరికి లాక్కుని కూర్చుంది.

కోపంలోనూ ఆమె బుర్ర పనిచేస్తూనే ఉంది. ఈసారి బండికి పెట్టె లేదు. సెన్సారు కొత్తది. అయినా రోగం అదే. అప్పుడూ ఇప్పుడూ మారనిది ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు తోచగానే ఆమెకు భయం వేసింది. పైకి అనకుండా తుక్కు డబ్బా దగ్గరికి నడిచింది.

మొదటి సెన్సారు అందులోనే ఉంది. పాడైన సామాను మళ్ళీ ఎవరూ అమ్ముకోకుండా ప్లగ్గు కోసి పారెయ్యడం ఆ షెడ్డు అలవాటు. దీని ప్లగ్గును బావ కోసేశాడు. మొండి దాన్ని వైసులో బిగించి, తెగిన వైర్లకు మీటరు తగిలించి, సెన్సారు మూతిని గ్యాసు మంటలో పెట్టింది. గ్యాసు మంటలో ఆక్సిజన్ మిగలదు, సెన్సారు బాగుంటే మీటరు ముల్లు లేవాలి.

ముల్లు ఝామ్మని లేచింది.

"ఇది చచ్చిందన్నావు కదా నాన్నా?"

మేస్త్రి దగ్గరికి వచ్చి చూశాడు. బావ వెనకనుంచి, "మీటరు పాడైపోయి ఉంటుంది" అన్నాడు.

మొండి బండికి ఉన్న కొత్త సెన్సారును ప్లగ్గుతో సహా ఊడదీసింది. పేస్టులోంచి సన్నటి సూదులు గుచ్చి, అదే మీటరు తగిలించి, అదే మంటలో పెట్టింది. ముల్లు కదల్లేదు. మంట పెంచినా ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు కోసేసిన పాతది బతికే ఉంది, ప్లగ్గు ఉన్న కొత్తది చచ్చి పడుంది. డాక్టరమ్మ కూడా వంగి చూడసాగింది.

"ఇది రెండు గాలుల్ని పోల్చి చూస్తుంది డాక్టరమ్మ గారూ" అంది మొండి. ఆవిడకు చెబుతున్నట్టే ఉంది గానీ మాటలన్నీ తండ్రికే. "ఒక పక్క పొగ, ఇంకో పక్క మంచి గాలి. పొగ మూతిలోంచి వస్తుంది. మరి మంచి గాలి ఎటునుంచి వస్తుంది? ఒంటి మీద ఎక్కడా చిల్లు లేదు, చూడండి. మిగిలింది ఈ వైర్లే. లోపలి తీగల సందుల్లోంచే పీల్చుకోవాలి."

"అంటే వైర్లు మూస్తే..."

"ఊపిరాడదు. లోపలున్న గాలి అయిపోయేదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత తప్పు చెబుతుంది. పెట్రోలు చాల్లేదనుకుని కంప్యూటరు ఇంకా ఇంకా పోస్తుంది."

ఆమె ఏమంటోందో అందరికీ అర్థమైంది. చుక్క నీరు దూరని అతుకులోకి గాలి కూడా దూరదు. మేస్త్రి జీవితమంతా ఏ పనికి దండం పెట్టించుకున్నాడో ఆ పనే ఈ బండికి గొంతు నులిమింది.

మొండి బ్లేడు తీసుకుంది.

"దాని జోలికి పోకు" అన్నాడు మేస్త్రి. గొంతు పెద్దది కాలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "నా అతుకు మీద ఇంతవరకు ఎవడూ కత్తి పెట్టలేదు. నా ఎదురుగా, గిరాకీ ఎదురుగా కోస్తావా?"

"కోస్తాను నాన్నా."

"కత్తి పెట్టి చూడు, తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది? బల్ల ఎలాగూ తీసేసుకున్నావు. ఇంకేం తీసుకుంటావు? నీ అతుకు మంచిదే. దీపానికి మంచిది, హారనుకు మంచిది, దేనికైనా మంచిది. దీనికి మాత్రం కాదు. మంచి పనైనా అన్నిచోట్లా మంచిది కాదని నేను చెబితే పొగరు, బావ చెబితే తెలివి. కానీ బావ చెప్పడు. నీ మాటకు ఊపీ ఊపీ ఆయన మెడ అలాగే పడిపోయింది."

బావ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

మొండి ప్లగ్గు మీది గొట్టానికి బ్లేడు పెట్టి నిలువునా చీల్చింది. తండ్రి గంటల తరబడి వంగి కూర్చుని అతుకులు వెయ్యడం చూస్తూ పెరిగిన పిల్ల. కోస్తున్నంతసేపూ ఆమెకు బాధగానే ఉంది, అయినా చెయ్యి ఆపలేదు. పేస్టంతా గీకి పారేసి, సోల్డరుతో తీగల సందులు పూడుకుపోయిన చోటు కత్తిరించి, తీగల్ని బయటపెట్టి, సెన్సారును మళ్ళీ మంటలో పెట్టింది.

ముల్లు కదల్లేదు.

"చూశారా" అన్నాడు బావ.

"ఊపిరి పీల్చుకోనీ బావా. నువ్వైతే నీళ్ళలోంచి తీయగానే పాట పాడతావా?"

మంట బుసబుసమంటూనే ఉంది. మేస్త్రి కళ్ళు మీటరు మీదే ఉన్నాయి. ముల్లు ముందు కొద్దిగా వణికింది, తర్వాత బద్ధకంగా లేచింది, ఆ తర్వాత పాత సెన్సారు చూపించిన చోటికే వచ్చి నిలబడింది. మొండి మంట తీస్తే ముల్లు పడిపోయింది, పెడితే లేచింది. అందరూ చాలని చెప్పేదాకా పెట్టి తీసి చూపించింది.

సెన్సారును బండికి ఎక్కించి, తీగల్ని సోల్డరు లేకుండా నొక్కి కలిపింది. నీళ్ళు పడకుండా ప్లగ్గును సీటు కిందికి జరిపి మూతి కిందికి వంచి కట్టింది గానీ పేస్టు పెట్టలేదు. అక్కడితో ఆగితే ఆమె మొండి ఎందుకవుతుంది? బల్ల మీద పడున్న పెట్టెను కూడా తీసి మళ్ళీ తగిలించింది. కంప్యూటరు పాత లెక్కలు మరిచిపోవడానికి బ్యాటరీ వైరు కాసేపు ఊడదీసి పెట్టింది. డాక్టరమ్మ బండెక్కి వంతెన అవతలి ఎత్తుదాకా పోయింది. చాలాసేపు రాలేదు. బావ వీధిలోకి తొంగి చూసి, "మళ్ళీ నెట్టుకొస్తోందేమో" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆవిడ బండి మీదే వచ్చింది. గుమ్మం దగ్గర ఆపి ఇంజను కట్టెయ్యకుండా వదిలింది. అది ఆరిపోకుండా నింపాదిగా కొట్టుకుంటోంది. పెట్రోలు కంపు లేదు. "గుంజడమే మరిచిపోయింది మేస్త్రి గారూ" అని ఆవిడ వెళ్ళిపోయింది.

మేస్త్రి చాలాసేపు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మురికేమీ లేకపోయినా తుడుచుకున్నాడు.

"నువ్వు పెట్టెలు తగిలించిన మిగతా బళ్ళు ఉన్నాయిగా" అన్నాడు చివరికి. "అవి కూడా నేనే మూశాను."

"అవును. అందర్నీ పిలిపించాలి."

"పిలిపించి కోసెయ్యి."

"నేను కొయ్యను. నీ అతుకులు నువ్వే కొయ్యాలి, వాళ్ళ ఎదురుగానే. ఎందుకు కోస్తున్నావో నువ్వే చెప్పాలి."

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. ఒక్క అరుపుతో షెడ్డంతా ఖాళీ చేయించగల మనిషి. మొండి చూపు తిప్పుకోలేదు. స్టూలు లాక్కుని బల్ల దగ్గరే నిటారుగా కూర్చుంది.

"సరే, చెబుతాను" అన్నాడు ఆయన. తర్వాత గొంతు సర్దుకుని, పెద్దరికం కొంచెమైనా మిగుల్చుకోవాలి కాబట్టి, "పోనీలే, బల్ల నీకే ఇచ్చేస్తున్నాను" అన్నాడు.

"ఇవ్వడానికి నేనెప్పుడు ఖాళీ చేశాను నాన్నా?" అంది మొండి.