బైపాస్ మొక్కు

ఊరికి బైపాస్ పడుతుందని తెలిసినప్పుడు అందరికంటే ముందు సంబరపడింది పరంధామయ్యే. పుత్తూరు రోడ్డులో అతని టిఫిన్ హోటల్ పొంగలిలో మిరియాల కంటే లారీల దుమ్మే ఎక్కువ.

"బైపాస్ అంటే ఏమనుకున్నారు? ఊర్లో పనిలేని బండ్లన్నీ ఊరి బయటనే పోతాయి. లారీలకు ఈడేం పని? నా పొంగలి తినేవోళ్ళు మాత్రం ఈ దోవనే వస్తారు," అని వచ్చినవాళ్ళకల్లా అర్థం చెప్పేవాడు.

రోడ్డు తెరిచారు. లారీలు పోయాయి. వాటి వెనకే కార్లు, బస్సులు కూడా పోయాయి. వాటికీ ఊళ్ళో పని లేదట. ఉన్నదల్లా ఆకలి, అది బైపాస్ పక్కన కూడా తీరుతుంది.

కొండ మీది స్వామికి శనివారాలు చేసే పెరటాసి నెలకల్లా పొయ్యిలో పిల్లి లేవడం మానేసింది. ఇక మూసేద్దామంది భార్య భారతమ్మ. పరంధామయ్య గల్లాపెట్టె మీది పటానికి దండం పెట్టాడు.

"సామీ, ఒక్కరోజన్నా కూర్చోను సోటు లేకుండా నా హోటల్ నింపు. గుండుతో పాటు మీసం కూడా ఇచ్చుకుంటా."

ఆ మీసమంటే అతనికి ప్రాణం. స్వామికీ తెలిసినట్టుంది, ఆలస్యం చెయ్యలేదు. శనివారం పొద్దున్నే అరవదేశం నుంచి కొండకు నడిచిపోయే భక్తులు పసుపు బట్టల్లో గోవిందలు కొడుతూ వచ్చారు. బైపాస్‌లో నీడ లేదని పాత దారే పట్టారు. బెంచీలు నిండాయి, నేల నిండింది, మెట్లు కూడా నిండాయి. పరంధామయ్య మురిసిపోతూ గల్లాపెట్టె తెరిచాడు.

"నడిచిపోయేవోళ్ళ కాడ దుడ్లు తీసుకుంటావా?" అంది భారతమ్మ.

ఆ దారిలో తాతల కాలం నుంచీ ఎవరూ తీసుకోలేదు. పెట్టె మూశాడు. భక్తులు ఇంట్లో బియ్యంతో సహా ఊడ్చి తిని, చల్లగా ఉండమని దీవించి వెళ్ళిపోయారు.

"నింపమన్నావు, నింపినాడు. దుడ్లిచ్చేవోళ్ళతో నింపమని నువ్వు సెప్పుకోలేదు. ఆయప్పదేం తప్పు?" అంది ఆమె.

జుట్టూ మీసం కొండ మీద ఇచ్చేసి పరంధామయ్య తిరుగు బస్సెక్కాడు. కిటికీ ఎండకు గుండు చురుక్కుమంటోంది. దారిలో ఇంకో ఊరుంది, దానికీ బైపాస్ పడింది. మలుపు దగ్గర కండక్టర్ లేచాడు.

"ఊర్లో దిగేవోళ్ళు ఉండారా అబ్బా? లేకుంటే బైపాస్‌లో పోతాం."

అందరికంటే ముందు నోరు తెరిచింది పరంధామయ్యే.

"ఎవురూ లేరప్పా. బైపాస్‌లోనే పోనీ, బిరీన ఇల్లు సేరాల."

బస్సు బైపాస్ పైకెక్కింది. కింద పాత రోడ్డు పక్కన ఏదో టిఫిన్ హోటల్. వాకిట్లో తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి బస్సు వంకే చూస్తున్నాడు. పరంధామయ్యకు సిగ్గేసింది. చెయ్యి అలవాటుగా మీసం కోసం వెళ్ళింది, అక్కడేమీ దొరక్క కిటికీ మూసింది.