కలేకాయల పొద

గోపీనాథ్ హోసూరులో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. వారంలో ఆరు రోజులు ఇనుప చక్రాల పళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో కొలిచి చూడటం అతని పని. ఏడో రోజు కెమెరా తీసుకుని డెంకణికోట దాటి అడవి అంచుల్లో నడిచేవాడు. అక్కడ ఏమీ కొలవనవసరం లేదని అతనికి ఆ నడకంటే ఇష్టం.

మూడేళ్ళుగా అతను ఒకే పిట్ట వెంట పడుతున్నాడు. పొన్నంకి పిట్ట. ఆకులు రాలే రోజుల్లో ఉత్తరాది నుంచి వచ్చి, పొదల నీడలో నేల మీద నడుస్తూ, రాలిన ఆకుల్ని ముక్కుతో తిరగేసి పురుగులు ఏరుకుంటుంది. పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ కూస్తుందని ఆ వైపు వాళ్ళు దాన్ని తమిళంలో ఆరుమణి కురువి, ఆరు గంటల పిట్ట, అంటారు. గోపీనాథ్ దాని కూత చాలాసార్లు విన్నాడు. రెండుసార్లు చూశాడు. ఒకసారి ఫోటో కూడా తీశాడు గానీ, ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే అది రాయి.

ఈ ఏడు అతను ఆన్‌లైన్‌లో ఒక ఆకుల కోటు తెప్పించుకున్నాడు. తల మీది ముసుగు నుంచి మోకాళ్ళ దాకా పచ్చవీ ఎండినవీ గుడ్డ ఆకులే. వేసుకుని చూపిస్తే భార్య మధుమిత, కూరగాయల మార్కెట్టులో బండి మీంచి జారిపడిన ఆకుకూర కట్టలా ఉన్నావని చెప్పి టీవీ చూసుకుంది.

కార్తీకం చివరి ఆదివారం. తెల్లవారకముందే మోటారు సైకిల్ అడవి పక్క పల్లె చివర ఆపి, మంచులో నడిచి, రెండు రాగి చేల మధ్య సన్నటి బీడు పట్టీలోకి వెళ్ళాడు. పిట్ట దగ్గర్లోనే కూసింది. అతను ఉన్నచోటనే బాసిపట్టు వేసుకుని కూర్చుని, పొట్టి స్టాండు మీద కెమెరా మోకాళ్ళ మధ్య పెట్టుకుని, దాని మీదా ఆకుల వల కప్పాడు. ఏడు గంటలకు పిట్ట వచ్చింది. ఆకుపచ్చ వీపు, భుజాన నీలం, తోక కింద ఎర్రగా. రెండు గజాల దూరంలో నిలబడి ఒక ఆకును తిరగేసింది. గోపీనాథ్ ఊపిరి బిగబట్టాడు. కెమెరాకు చప్పుడు లేని మీట ఉంది. నొక్కుతూ పోయాడు.

ఏడుంపావుకు ముగ్గురు మనుషులు వచ్చారు. హనుమంతప్ప, మునెప్ప అన్నదమ్ముల పిల్లలు. ఆ రెండు రాగి చేలు వాళ్ళవే. మూడో మనిషి మంజుశ్రీ, కృష్ణగిరి నుంచి వచ్చిన ప్రైవేటు సర్వేయరు. హనుమంతప్ప బోరు వేయించాలనుకున్నాడు. బోరు వేయాలంటే హద్దు తేలాలి. తాతల నాటి భాగపత్రంలో హద్దు గురించి ఒక్కటే వాక్యం ఉంది: అడవి దగ్గరి నిలువు బండ నుంచి కలేకాయల పొద దాకా ఒకే గీత. బండ ఉంది. ఆ ముళ్ళ పొదను మాత్రం పదకొండేళ్ళ కిందట ఏనుగులు తొక్కి పోయాయి. పొద ఏ చోట ఉండేదన్న దాని మీద మాటా మాటా పెరిగి, ఆ రోజు నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఏదైనా చెప్పాల్సి వస్తే మూడో మనిషికి చెప్పేవారు.

మంచులో హనుమంతప్ప ఆగిపోయాడు.

"చూడు మంజుశ్రీమ్మా, పొద మళ్ళా లేసింది."

మునెప్పకు ఒక కంటిలో పొర ఉంది. దగ్గరికి వచ్చి, గోపీనాథ్ చుట్టూ ఒకసారి తిరిగాడు. గోపీనాథ్ నోరు తెరవబోయాడు. పిట్ట సరిగ్గా అప్పుడే వెలుతురులోకి వచ్చింది. ఈ ఒక్క ఫోటో తీసుకుని చెబుదామనుకున్నాడు.

"ముండ్లు లేవే, హనుమన్నా," అన్నాడు మునెప్ప.

మంజుశ్రీ రాస్తున్న పెన్ను ఆపింది. ఆమెకు వీళ్ళ సంగతి దారిలోనే తెలిసింది. హనుమంతప్ప పదకొండేళ్ళలో మొదటిసారి మునెప్ప వైపు తిరిగాడు.

"లేత పొద గదప్పా," అన్నాడు. "ఇంకా రాలే."

అంతే, తర్వాత ఇద్దరూ ఆగలేదు. పొద ఉండే చోటు ఇదేనని ఒకరు, చిన్నప్పుడు ఇక్కడే కాయలు కోసి ఉప్పు అద్దుకుని తిన్నామని ఇంకొకరు. మంజుశ్రీ టేపు కొక్కేన్ని గోపీనాథ్ మోచేతి దగ్గర ఒక ఆకుకు తగిలించి బండ వైపు నడిచింది. పావుగంట గడిచింది. ఇప్పుడు మాట్లాడితే ఇంతసేపు ఎందుకు మాట్లాడలేదని అడుగుతారు. గోపీనాథ్ మళ్ళీ కెమెరా మీట మీద వేలు పెట్టాడు. పిట్ట ఇంకా అక్కడే ఉంది. మనుషుల అడుగులకు లేచిన పురుగులు దానికి బాగా దొరుకుతున్నట్లున్నాయి.

మొదటిసారి కొలతకూ రెండోసారి కొలతకూ నాలుగు అంగుళాలు తేడా వచ్చింది. అప్పటికి కాలు తిమ్మిరెక్కి గోపీనాథ్ కాస్త వాలాడు. మంజుశ్రీ వచ్చి పొద ముందు వంగి, ముసుగులోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, గాలికి కదిలిందని చెప్పి మూడోసారి కొలిచింది. ఎండ రాగానే హనుమంతప్ప తువ్వాలు తీసి పొద మీద వేశాడు. ఎనిమిదిన్నరకు మునెప్ప భార్య అక్కమ్మ రాగి సంగటీ ఊరుబిండి పచ్చడీ తెచ్చింది. మగవాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. మేక ఒకటి వెంట వచ్చి గోపీనాథ్ భుజం మీది ఆకులు నమలబోతే, అది హద్దు, మేయకూడదని అక్కమ్మ దాన్ని అదిలించింది. కోటు కింది నుంచి కనిపిస్తున్న గోపీనాథ్ బూట్లను చూసి, ఎండుటాకులు కొన్ని కాలితో వాటి మీదికి తోసింది.

తొమ్మిది దాటాక పిట్ట ఎగిరిపోయింది. గోపీనాథ్ లేవబోయాడు. కాళ్ళు రెండూ అతనివి కాకుండా పోయాయి. పొద పక్కకు ఒరిగి, కూలి, క్షమించండి అంది.

ఎవరూ అరవలేదు. హనుమంతప్ప సంగటి చెయ్యి కడుక్కుని వచ్చి, ముందుగా అడగాల్సింది అడిగాడు.

"ఏ ఊరప్పా నీది?"

"హోసూరు."

"హోసూరు నుంచి వచ్చి ఈడ పొదై కూకున్నావా?"

గోపీనాథ్ పిట్ట సంగతి చెప్పాడు. మూడేళ్ళ సంగతి కూడా చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. తర్వాత మంజుశ్రీ, పొద లేదు కాబట్టి కొలత చెల్లదనీ, మళ్ళీ మొదటికే వచ్చినట్టేననీ అంది. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకొక మాటకు మళ్ళీ మూడో మనిషి కావాల్సి వచ్చేలా ఉంది.

అక్కమ్మ గిన్నెలు సర్దడం ఆపింది.

"మనిషైతే ఏమి? కూకున్న తావు కరెట్టే గదా. మీరిద్దరూ ఒప్పుకున్న తావే గదా. ఆయప్పను మళ్ళా కూకోమనండి, రాయి తెచ్చి నాటేస్తే సరిపోతుంది."

ఈ మాట అందరికీ నచ్చింది. గోపీనాథ్‌కు కూడా ఎందుకో అభ్యంతరం తోచలేదు. నలుగురూ అతన్ని పట్టి, ఆకులు నలిగి గుండ్రంగా అచ్చు పడిన చోట సరిగ్గా కూర్చోబెట్టారు. హనుమంతప్ప రాయి కోసం ట్రాక్టరు తీసుకుని పోయాడు. అతను కనుమరుగు కాగానే మునెప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. పనులెట్లా ఉన్నాయని, పిల్లలెందరని అడిగి, ఆ తర్వాత, ఎండ మొహాన కొడుతోంది కదా, ఒక అడుగు పడమరకు జరిగితే నీడగా ఉంటుందన్నాడు. పడమర హనుమంతప్ప చేను. గోపీనాథ్ ఫర్వాలేదన్నాడు. హనుమంతప్ప రాయితో తిరిగొచ్చాక మునెప్ప గడ్డపార కోసం పోయాడు. అప్పుడు హనుమంతప్ప వచ్చి, తూర్పు వైపు నేల మెత్తగా ఉంటుందన్నాడు.

గోపీనాథ్ పదహారేళ్ళు పనిలో ఇట్లాంటి మాటలు విన్నవాడే. ఒక్క మిల్లీమీటరు చూసీ చూడనట్లు పొమ్మని సూపర్‌వైజర్లు టీ ఇప్పించేవారు. అక్కడ అతను కొన్నిసార్లు ఒప్పుకున్నాడు. ఇక్కడ ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఈ కెమెరా పొద్దున్నుంచి ఒకే తావులో ఉందప్పా," అన్నాడు. "నేను అంగుళం జరిగినా ఫోటోల్లో తెలిసిపోతుంది."

అది నిజమో కాదో అతనికే తెలియదు. హనుమంతప్ప మాత్రం కెమెరాకు కొంచెం దూరంగా జరిగి కూర్చున్నాడు.

గుంత తవ్వే దగ్గర చిక్కు వచ్చింది. గోపీనాథ్ లేస్తే చోటు తప్పుతుంది. లేవకపోతే తవ్వడం కుదరదు. చివరికి అతని చుట్టూ తవ్వుకుంటూ వచ్చారు. అతను మట్టి దిమ్మె మీద మిగిలాడు. అప్పుడు ఇద్దరూ చెరో చంకలో చేతులేసి, నారు పెరికినట్లు అతన్ని పైకి లేపారు. మంజుశ్రీ దిమ్మె నడుమ మేకు గుచ్చింది. మధ్యాహ్నానికి రాయి నిలబడింది. కాగితం మీద అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. సాక్షిగా గోపీనాథ్ పెట్టాడు. మంజుశ్రీ వెళ్ళిపోతూ, రెండోసారి కొలిచినప్పుడే తనకు కళ్ళు కనిపించాయని అతనితో చెప్పింది. ఎందుకు ఊరుకున్నారని అడిగితే, వాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదండీ అంది. పైగా రెండు గంటలకు బర్గూరులో ఇంకో పని ఉందట.

ఇంటికొచ్చి గోపీనాథ్ ఫోటోలు లాప్‌టాప్‌లో తెరిచాడు. మూడు వందల పన్నెండు. అన్నిటిలోనూ పిట్ట ఉంది, ఒక్కటీ రాయి కాదు. మధుమితను పిలిచాడు. ఆమె వచ్చి కూర్చుని, అన్నిటికంటే మంచిదాన్ని పెద్దది చేసింది. పిట్ట వెనక, కాస్త మసకగా, నాలుగు పాదాలున్నాయి. ఆమె ఇంకా పెద్దది చేసింది.

"ఎవరివి ఇవి? మడమలు ఇట్లా పగిలినాయి."

అతను మొత్తం చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఆకుల కోటు మీది మట్టిని విదిలించి తీగ మీద ఆరేసింది. శనివారం సాయంత్రం మందుల షాపు నుంచి మడమల పగుళ్ళకు రాసే మందు తెచ్చి అతని కెమెరా సంచిలో పెట్టింది. రెండు ట్యూబులు. ఒకరికే ఇస్తే రెండోవాళ్ళు ఊరుకోరని అంది.

ఆదివారం అతను వెళ్ళేసరికి రాగి కోతలు మొదలయ్యాయి. మందు ఇచ్చాడు. హనుమంతప్ప, మునెప్ప గట్టు మీద కూర్చుని, ఒకరి ట్యూబు మీది రాత ఇంకొకరికి చదివి వినిపిస్తూ, రాసుకున్నారు.