వెనక వరుస డబ్బాలు

శనివారం పొద్దున్నే మా ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"ఇవాళ వెనక వరుసలు కూడా తుడువు. పన్నెండింటికి మూడు సంఘాల పెద్దలొస్తున్నారు. ఒక్కో డబ్బా మూత తీయించి చూపిస్తా."

"అలాగే" అన్నాను. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది. ఆయన వాళ్ళను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళిపోయాడు. నేను గది తాళం తీసి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

గదిలో డెబ్బై రెండు రేకు డబ్బాలున్నాయి. ఎనిమిది వరుసలు, వరుసకు తొమ్మిది. ముందు మూడు వరుసలు నిండుగా ఉన్నాయి. వెనక అయిదు వరుసల్లో గింజ లేదు.

పదకొండేళ్ళ కిందట అది మా పడకగది. కష్టకాలం వస్తుందనీ, తెలివైనవాడు ముందే సిద్ధపడతాడనీ ఒక ప్రార్థన కూడికలో విని వచ్చి ఆయన మంచం బయట పెట్టించాడు. అప్పటినుంచీ మేమిద్దరం, ఆ తర్వాత పుట్టిన మా అమ్మాయి హాల్లోనే పడుకుంటున్నాం. బియ్యం, గోధుమలు, చిక్కుడు గింజలు, ఉప్పు, నూనె, పాలపొడి గదిలో పడుకుంటున్నాయి. మొదలుపెట్టింది ఆయన. మిగతాది నేను. పురుగు ఏరడం, చెరగడం, మేడ మీద ఎండబెట్టడం, మళ్ళీ డబ్బాల్లో పోసి తేదీ చీటీ అంటించడం. ధాన్యం దుమ్ముకు ఆయనకు ఆయాసం వస్తుంది. అందుకని గడప దాటడు. అక్కడే నిలబడి మూతలు లెక్కపెట్టి, ముందు వరుస డబ్బా మీద వేలితో రెండుసార్లు కొట్టి వెళ్తాడు.

కొత్త సరుకు వెనక్కి, పాతది ముందుకి, తినేది పాతదే. పెళ్ళికి ముందు నూలు మిల్లు స్టోర్సులో పనిచేసినప్పుడు నేను నేర్చుకున్న పద్ధతి అది. సంఘంలో ఆయన దాన్ని "నా పద్ధతి" అని చెబుతాడు. ఒకసారి ఎవరో అక్కయ్య, "అన్నకి ఇంత ఓపిక ఎక్కణ్ణించి వస్తుందో!" అంటే, "ప్రార్థన వల్లమ్మా" అన్నాడు. నేను అప్పుడు అందరూ తాగిన టీ కప్పులు కడుగుతున్నాను. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో నేను కొత్త బియ్యం తినలేదు. దాచినదాంట్లో ఎప్పుడూ ఎక్కువ పాతబడింది మా పాలికి వస్తుంది. అందరూ ఆయన్ని గోదాము అన్న అంటారు. ఎగతాళిగా మొదలైన పేరు, అయిదు నెలల కిందట మిల్లు మూతపడ్డాక గౌరవమైంది.

మిల్లు మూతపడ్డ మొదటి వారమే వెనక సందులో ఉండే దర్జీ అక్క వచ్చింది. ఆమె మొగుడూ కొడుకూ ఇద్దరిదీ మిల్లు పనే. కోడలికి పాలు పడలేదు, మనవరాలికి రెండు నెలలు. వంటింట్లో ఉన్న పాలపొడి ప్యాకెట్టూ, ఒక నూనె సీసా ఇచ్చి పంపాను. సాయంత్రం ఆయనకు తెలిసింది. కేకలెయ్యలేదు.

"వెళ్ళి తీసుకురా" అన్నాడు. "బైబిల్లో దీపాలకు నూనె దాచుకున్న ఆ అయిదుగురు ఆడపిల్లలు, అడిగినవాళ్ళకి ఇచ్చారా? ఇవ్వలేదు. అందుకే వాళ్ళని తెలివైనవాళ్ళన్నారు."

వెళ్ళాను. అక్క పాలపొడి ప్యాకెట్టు మూతి మడిచి నా చేతిలో పెట్టింది. "నూనె రెండు చెంచాలు వాడానమ్మా, అన్నకి చెప్పు" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఇంటికొచ్చి అన్నం తినగలిగేదాన్ని.

ఆ వారం శనివారం గింజలు ఎండబెట్టడానికి మేడెక్కాను. మేడ వెనక మెట్లు నేరుగా సందులోకి దిగుతాయి. పైకి ఎంత వెళ్ళిందో, కిందికి ఎంత వచ్చిందో ఎవరూ చూడరు. ఆయన చూసేది మూతలనే. వారానికి రెండు డబ్బాలు, ఒక్కోసారి మూడు. మొదట దర్జీ అక్క ఇల్లు, తర్వాత పదకొండిళ్ళు. ఇది దొంగతనమా అని దేవుణ్ణి అడిగాను. సందులో పసిదాని ఏడుపు తగ్గింది. అదే జవాబనుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఏడేళ్ళ పంటా ఏడేళ్ళ కరువూ ఉన్న కథ ఆయనకు కంఠతా వచ్చు. గాదెలు ఎలా నింపారో కూడికల్లో గంట చెబుతాడు. కరువొచ్చాక ఆ గాదెల తలుపులు తెరిచారన్న చోటికొచ్చేసరికి ఆయన టైమైపోతుంది.

"ఏమే, తుడుస్తున్నావా, నిద్రపోతున్నావా?"

మా అత్త. చూపు పోయి మూడేళ్ళయింది. గోడ పట్టుకుని వచ్చి, వెనక వరుసదాకా తడుముకుంటూ వెళ్ళి ఒక డబ్బా మీద కొట్టింది. మోగింది.

"అత్తా..."

"రెండు నెలల్నించీ వింటున్నా. పోయినవి కళ్ళు, చెవులకేం రోగం?" గొంతు తగ్గించింది. "మరుగుదొడ్డి కట్టగా మిగిలిన ఇసుక పెరట్లో ఉంది కదా. డబ్బాకి ముప్పావు ఇసుక పొయ్యి. మీద కాగితం పరిచి, దాని మీద బెత్తెడు బియ్యం. ముందు వరుసల్లోంచి తీస్తే సరిపోతాయిలే. మీ మామయ్యకి నేను ఇలాగే ఎన్నేళ్ళు చూపించానో! చచ్చేదాకా తెలీలేదు, పిచ్చి మహరాజు."

"ఎవరికిచ్చేదానివి?"

"మా అక్కకి. మొగుడొదిలేసినదాని పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదన్నాడు మీ మామయ్య."

ముప్పై ఏళ్ళ కిందటి మాటట. ఇంతవరకు ఆమెకొక అక్క ఉందని నాకు తెలియదు.

టైము తొమ్మిదిన్నర. ఇసుక మోశాను. మూడు డబ్బాలు నింపి, కాగితాలు పరిచి, బియ్యం పోసి అరచేత్తో చదును చేశాను. చూస్తే నిండు డబ్బా. ఇలాంటివి ఇంకా నలభై రెండు. చెయ్యగలను, చెయ్యడం నాకు చేతకానిదేమీ కాదు. నాలుగో బక్కెట్టు ఎత్తుతుంటే, వచ్చే శనివారం ఈ బెత్తెడు బియ్యానికీ పురుగు ఏరాలని గుర్తొచ్చింది. ఆపై శనివారం కూడా. పాతది ముందుకి, ముందుకి జరుపుకుంటూ ఏదో ఒక ఏడాది ఇసుక డబ్బాలు గడప దగ్గరికొస్తాయి. అప్పటికి వెనక మళ్ళీ ఇసుక పోసుండాలి. ఎంత ఇసుక పోస్తే ఎంత బియ్యం కప్పుతుందో అత్తకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలిసింది. బడినుంచి ఒంటిగంటకు వచ్చే మా అమ్మాయికి కూడా ఏదో ఒకనాడు తెలుస్తుంది.

బక్కెట్టు దించేశాను.

ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. చేసుకోవలసిన అవసరం లేకుండానే పదకొండేళ్ళు గడిచాయి. గల్లాలో చెయ్యి పెట్టిందని తన తమ్ముడు పెళ్ళాన్ని వెళ్ళగొడితే, "మంచి పని చేశావు, ఇంటి దొంగతో కాపురమేంటి?" అన్నవాడు. ఆ పిల్లకు పుట్టిల్లుంది. నాకు తలుపు తీసేవాళ్ళు ఎవరూ లేరు. ఇంత సిద్ధపడ్డ ఇంట్లో, నా కష్టకాలానికి నేను ఒక్క సంచీ సర్దుకోలేదు. ఇప్పుడు సర్దుకుందామని లేచి, ఏ ఊరికి సర్దాలో తెలియక మళ్ళీ ఆగిపోయాను.

మూడు డబ్బాల్లో బియ్యం తీసి, ఇసుక పెరట్లో పారబోశాను. వెనక అయిదు వరుసల మూతలూ ఒక్కొక్కటే తీసి గోడకు చేర్చాను. రేకు చప్పుడుకు అత్త మళ్ళీ వచ్చింది.

"మూతలు తీస్తున్నావేంటే? పోశావా?"

"లేదత్తా. పారబోశాను."

ఆమె ఒక డబ్బాలో చెయ్యి పెట్టింది. మోచేయిదాకా వెళ్ళింది, అడుగు తగిలింది. చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది.

"నా కొడుకు సంగతి నీకు తెలీదు."

"తెలుసు."

"నేనేం మాట్లాడను. నాకు నా గది తప్ప దిక్కులేదు."

"మాట్లాడొద్దత్తా."

గోడ పట్టుకుని తన గదికి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. నాలుగైదు జతలు. "మా ఇంట్లో ఏడేళ్ళ కరువైనా తెలీకుండా వెళ్ళిపోతుందండీ" అంటున్నాడు ఆయన. ఎవరో నవ్వారు.

గది తలుపు గోడకు తగిలేదాకా తెరిచాను. తాళంచెవి గడప మీద పెట్టాను. ఖాళీ డబ్బా ఒకటి ముందుకు లాగి, బోర్లించి, దాని మీద కూర్చున్నాను. పదకొండేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి.