ఆవులు పడుకోని షెడ్డు

ఊళ్ళో అందరూ ఆయన్ని ప్లానాయన అంటారు. గేటుకి గొళ్ళెం బిగించాలన్నా సరే, "ముందు ప్లానుండాలి" అంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు. ఆయనకి ఆ పేరు ముచ్చటగానే ఉందని తెలిశాక ముఖం మీదే పిలవసాగారు.

పాత కొట్టం పీకించి కొత్త షెడ్డు కట్టించినప్పుడు ప్లాను మొత్తం ఆయనదే. నేలంతా సిమెంటు పలకలు, పలకకీ పలకకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు, కింద పెద్ద గొయ్యి. ఆవులు తొక్కుతుంటే పేడ దానంతటదే సందుల్లోంచి గోతిలోకి జారిపోతుంది. ఎత్తే పని లేదు, కడిగే పని లేదు. చూడడానికి వచ్చిన ప్రతి మనిషినీ లోపలికి తీసుకెళ్ళి, "ఎక్కడైనా చీపురు కనిపిస్తే చెప్పు" అని సవాలు చేసేవాడు.

ఆయన భార్య మాత్రం మొదటిరోజే ఆ పలకల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి చూసింది. "ఇంత గట్టిగా ఉంది. వీటి మీద ఎలా పడుకుంటాయండీ?" అంది.

"ఆవులకి పరుపులు వేయాలా? రేపు దిండ్లు కూడా అడుగుతావు!"

పక్కనున్న తాపీమేస్త్రి పకపకా నవ్వాడు. ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

షెడ్డు పని చూసేది భార్య తమ్ముడు. పాలు పితికే మిషన్లు తగిలించడం దగ్గర నుంచి దూడలకి పాలు పట్టడం దాకా అన్నీ అతనే. మనుషుల మధ్య నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు గానీ, ఆవుల దగ్గర మాత్రం కబుర్లే కబుర్లు. మేత వేస్తూ ఊళ్ళో విశేషాలన్నీ వాటికి చెప్పేవాడు. అక్క కిటికీలోంచి విని, "నాకు చెప్పవేంరా ఇవన్నీ?" అని దెబ్బలాడేది.

కొత్త షెడ్డులోకి మారిన కొన్నాళ్ళకి ఆవుల వెనక కాళ్ళ కీళ్ళు వాచాయి. తరవాత ముందు మోకాళ్ళ మీద వెంట్రుకలు రాలి, చర్మం లేచి, పుండ్లు పడ్డాయి. ఆవులు పడుకోవడం మానేసి నిలుచున్న చోటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఉండేవి. ఒకటి రెండు కుక్కల్లా వెనక భాగం ఆనించి కూర్చుని, లేవడానికి నానా అవస్థా పడేవి. పాలు తగ్గాయి. ప్లానాయన దాణా మార్చాడు. దాణా అమ్మే మనిషిని మార్చాడు. నీళ్ళ తొట్టి మార్చాడు. ఇక మార్చడానికి నేల ఒక్కటే మిగిలింది. నేల ఆయన ప్లాను.

ఒకరోజు పొద్దున పాల కేంద్రం దగ్గర క్యాన్లు దించుతుంటే, వరసలో నిలబడ్డ గుబురు మీసాల పెద్దమనిషి మామూలుగానే అడిగాడు. "ఏమండీ, మీ ఆవులు కుంటుతున్నాయట?"

నలుగురూ తలలు తిప్పారు. ప్లానాయన ముఖం వేడెక్కింది. పక్కనే క్యాను మోస్తున్న బావమరిదిని గడ్డంతో చూపించి, "నేలేం చేస్తుందండీ? అంతా వీడి నిర్వాకం. చేతిలో కర్ర ఉంటే వీడికి ఒళ్ళు తెలీదు" అనేశాడు.

నేల పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తింది ఆయనే.

బావమరిది క్యాను కింద పెట్టాడు. "నేను కొట్టానా, బావా?"

"నువ్వు కాకపోతే మరెవరు, నేనా?"

అతను రెండోసారి అడగలేదు. మిగిలిన క్యాన్లన్నీ దించాడు. ఖాళీవి బండిలో పేర్చి, దొర్లకుండా తాడు కట్టి, ముడి ఒకసారి లాగి చూసి, అప్పుడు నడిచి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి బట్టలు సర్దుకుని ఊరు దాటాడు. అక్కకి ఏం చెప్పి వెళ్ళాడో ప్లానాయన అడగలేదు. అడిగితే ఆమె చెబుతుందని భయం.

ఆమె కూడా ఒక్క మాట అనలేదు. వేళకి భోజనం పెట్టింది, ఉతికిన బట్టలు మడత పెట్టింది. ఆమె తిట్టి ఉంటే ఆయనా నాలుగు తిట్టి తేలికపడేవాడు. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

కొట్టేవాడు పోయాక పుండ్లు మానాలి కదా, మానలేదు. "పాత దెబ్బలు. టైం పడుతుంది" అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పసాగాడు. అంతలో కొత్తగా ఒక నల్లావుని తెచ్చాడు. నున్నటి కాళ్ళతో, గంతులేసుకుంటూ షెడ్డులోకి వచ్చిందది. కొద్దిరోజులకే దాని మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. బావమరిది ఆ ఆవుని కంటితోనైనా చూడలేదు. ప్లానాయన దాని ముందు నిలబడి ఆ పుండు వంక చూశాడు. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా, ఎవరో చూస్తున్నట్టే తల దించుకున్నాడు.

ఇక తప్పక పశువుల డాక్టరమ్మని పిలిపించాడు. ఆమె ఆవుల కాళ్ళన్నీ తడిమి చూసి, చివరికి అరచెయ్యి పలక మీద పెట్టి రుద్దింది.

"ఇవి దెబ్బలు కావండీ, రాపిడి. ఆవు పడుకునేటప్పుడు ఒంటి బరువంతా ముందు మోకాళ్ళ మీదే పడుతుంది. ఈ నేల మీద ఆ నొప్పికి భయపడి పడుకోవడమే మానేశాయి. పడుకోని ఆవు పాలెలా ఇస్తుంది? రబ్బరు మ్యాట్లు వేయించండి. అవునూ, ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

ప్లానాయన గొంతు సవరించుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య, "అది ఆయనకి తెలుసు డాక్టరుగారూ" అని లోపలికి వెళ్ళిపోయింది.

మ్యాట్ల షాపాయన మూడు రకాల ముక్కలు తెచ్చి బల్ల మీద పరిచాడు. మొదటిది మందంగా, మెత్తగా, పరుపులాగే ఉంది. ప్లానాయన చెయ్యి దాని మీదకే పోయింది.

"అది మీకు పనికిరాదండీ" అన్నాడు షాపాయన. "మీది సందుల నేల. ఇది పరిస్తే సందులన్నీ మూసుకుపోయి పేడ పైనే ఉండిపోతుంది. రోజూ చీపురు పట్టాలి."

ఆ మాటకి ఆయన చటుక్కున చెయ్యి తీసేశాడు. మిగిలినవి రెండు. ఒకటి, కింది సందులకి సరిపోయేలా చీలికలు కోసిన పెద్ద మ్యాటు. ఇంకొకటి, ఏ పలకకి ఆ పలకకి విడిగా తొడిగే పట్టీలు.

"రెంట్లో ఏది మంచిది?"

"అమ్మేవాణ్ణి, నాకు అన్నీ మంచివేనండీ" అని నవ్వాడు షాపాయన. "ఈ రెండూ వేసిన షెడ్డు ఒకటుంది. వెళ్ళి ఆ ఆవుల్నే అడగండి."

ఆ షెడ్డు నడిపేది ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు ముడేసుకుని, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని ఎదురొచ్చింది. "చూడండి, చూడండి. దాపరికం ఏముంది? ఇదిగో, మా మనిషి అన్నీ చూపిస్తాడు" అని లోపలికి కేకేసింది.

మేత బండి వెనక నుంచి వచ్చిన మనిషి బావమరిది.

ప్లానాయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి తిరిగిపోదామంటే గేటు దగ్గర పెద్దావిడ నిలబడి ఉంది.

"రా బావా" అన్నాడు బావమరిది. "అక్క బాగుందా?"

"బాగుంది."

"అయ్యో, మీ బంధువా!" పెద్దావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇలాంటి మనిషిని ఎలా వదులుకున్నారండీ? వచ్చినప్పట్నుంచి ఒక్క ఆవు మీద చెయ్యెత్తగా నేను చూళ్ళేదు. గట్టిగా అదిలించనైనా అదిలించడు."

బావమరిదే అందుకున్నాడు. "అక్కడ నాకు పెద్దగా పని లేదండీ. చీపురు అక్కర్లేని షెడ్డు వాళ్ళది."

వెక్కిరింపేమోనని ప్లానాయన అతని ముఖంలోకి చూశాడు. కాదు. తనని కాపాడాలనే అన్నాడు. వెక్కిరించి ఉంటేనే నయమనిపించింది.

షెడ్డులో ఎడమ వరసకి చీలికల మ్యాట్లు, కుడి వరసకి పట్టీలు వేశారు. రెండు వైపులా ఆవులు కాళ్ళు చాపుకుని, కళ్ళు సగం మూసి నెమరేస్తున్నాయి. ప్లానాయన తన షెడ్డులో ఇలాంటిది చూసి చాలా కాలమైంది.

"నిలబడి చూస్తే ఏం తెలుస్తుందండీ?" అంది పెద్దావిడ. "మోకాళ్ళ మీద దబ్బున పడండి. ఆవు అలాగే పడుకుంటుంది. ముందు ఈ ఒట్టి పలక మీద, తరవాత మ్యాట్ల మీద."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. గేటు దగ్గరి ఒట్టి పలక మీద మోకాళ్ళేశాడు. ఎముకలోంచి నడుం దాకా జివ్వుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా బావమరిది బూట్లు కనిపిస్తున్నాయి. తల ఎత్తలేకపోయాడు.

"లే బావా, తడిగా ఉంది" అని అతను చెయ్యందించాడు.

ఆ చెయ్యి పట్టుకున్న క్షణంలో చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. చుట్టూ వేరే వాళ్ళెవరూ లేరు. పెద్దావిడ ఎవరితోనో మాట్లాడుతూ అటు వెళ్ళింది. అయినా ప్లానాయన నోట్లోంచి వచ్చిన మాట ఇది. "ఈ రెంట్లో ఏది మేలంటావు?"

బావమరిది రెండు వరసల వంకా చూశాడు. "పెద్ద మ్యాట్లు అంచుల దగ్గర లేస్తున్నాయి. గిట్ట తట్టుకుని ఒకావు పడబోయింది. పట్టీలైతే మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు. తడి సందులోకి జారిపోతుంది, కాలు జారదు. అయితే కొలత జాగ్రత్తగా తీసుకో. మన పలకలన్నీ ఒక్కలా లేవు. గేటు పక్క వరస సన్నం."

మన పలకలు అన్నాడు. దారంతా ప్లానాయన చెవుల్లో ఆ మాటే.

ఇంటికి రాగానే భార్య అడిగింది. "ఏం చూసొచ్చారు?"

"మ్యాట్లు."

"ఇంకా?"

"ఆవులు."

ఆమె తలూపి గిన్నెలు కడుక్కోవడానికి వెళ్ళింది.

పట్టీలు వచ్చాయి. గేటు పక్క వరసకి సన్నవి విడిగా చేయించాడు. మనుషులొచ్చి ఒక్కో పలకకీ సుత్తితో కొట్టి తొడిగారు. ఆవులు ముందు రబ్బరు వాసన చూసి ముక్కులు చీదాయి. నల్లావు ఒక కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తరవాత మెల్లగా మోకాళ్ళు వంచి, ఒక్కసారి ఒళ్ళంతా వదిలేసి, ఉస్సురని పడుకుంది. దాన్ని చూసి ఇంకోటి. చీకటి పడే వేళకి షెడ్డులో నిలబడ్డ ఆవు లేదు.

చూడవచ్చిన వాళ్ళలో ఒకాయన, "ప్లానంటే నీదేనయ్యా!" అని వీపు తట్టాడు. చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. ప్లానాయన ఏదో పనున్నట్టు వంటింట్లోకి వచ్చేశాడు.

భార్య పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది. "మీరు వెళ్ళిన రోజే తమ్ముడు ఫోన్ చేశాడు. బావ మోకాళ్ళకి దెబ్బ తగిలిందేమో చూడక్కా అన్నాడు."

"మరి నన్ను అడగలేదేం?"

"మీరే చెప్తారేమోనని చూశాను."

మర్నాడు పాల కేంద్రం దగ్గర క్యాన్లు దించాక ప్లానాయన కదల్లేదు. వరసలో అందరూ ఉన్నారు, గుబురు మీసాల పెద్దమనిషితో సహా. "ఒక మాట వినండి" అన్నాడు. "మా బావమరిది ఆవుల్ని కొట్టాడని అన్నాను చూడండి. అది అబద్ధం. వాడు కొట్టలేదు. తప్పంతా నా నేలది. అది తెలిసే వాడి మీద పెట్టాను."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. మీసాలాయన ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "అది మాకు అప్పుడే తెలుసు కదండీ. ఆవులతో కబుర్లాడుకునే మనిషి కర్రెత్తుతాడా?"

"మరి ఎవరూ ఏమీ అనలేదే?"

"మీ ఇంటి విషయం అని ఊరుకున్నాం."

పరువు దక్కించుకున్నాననుకుని ఇన్నాళ్ళూ ఈ వరసలో తలెత్తుకు నిలబడ్డాడు. వీళ్ళంతా జాలిపడి చూపు పక్కకి తిప్పుకున్నారంతే. ఖాళీ క్యాన్లు బండిలో అలాగే ఉంచి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా పెద్దావిడ షెడ్డుకి బయలుదేరాడు.

బావమరిది దూడకి పాలు పడుతున్నాడు. ప్లానాయన చెప్పదలచుకున్నదంతా దారిలో వరసగా పేర్చుకున్నాడు గానీ, తీరా నోరు తెరిచాక తలా తోకా లేకుండా వచ్చింది. పాల కేంద్రంలో అందరి ముందూ ఒప్పుకున్నానని కూడా చెప్పాడు. అతను దూడ తాగడం అయ్యేదాకా విన్నాడు.

"ఒక్కటి చెప్పు బావా. నేను కొట్టలేదని ఆ రోజే నీకు తెలుసా?"

అబద్ధం చెప్పడానికి ఇంకో అవకాశం. "తెలుసు" అన్నాడు ప్లానాయన.

బావమరిది ఖాళీ సీసా కడుగుతూ ఉండిపోయాడు. "నీకు నిజంగానే అనుమానం వచ్చి అన్నావేమోనని సర్దిచెప్పుకునేవాణ్ణి. అలా అనుకుంటే కాస్త నిద్ర పట్టేది."

ప్లానాయన భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. చివరికి, "తిరిగి వచ్చెయ్యరా" అన్నాడు.

"రాను బావా. ఇక్కడ బాగానే ఉంది." కాస్త ఆగి, "అక్కని చూడ్డానికి వస్తాలే" అన్నాడు.

వచ్చాడు. వెంటనే కాదు, నల్లావు మోకాళ్ళ మీద కొత్త వెంట్రుకలు మొలిచాక ఒక మధ్యాహ్నం వచ్చాడు. అక్కా తమ్ముడూ వంటింట్లో కూర్చున్నారు. చాలా కాలానికి ఆ ఇంట్లో ఆమె నవ్వు గట్టిగా వినిపించింది. ప్లానాయన గుమ్మం దాకా వెళ్ళాడు. తను లోపలికి వెళ్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని వెనక్కి తిరిగి షెడ్డులోకి వచ్చేశాడు. పడుకున్న ఆవుల మధ్య నుంచి నడుస్తూ, మేత తొట్లో గడ్డి అనవసరంగా అటూ ఇటూ సర్దాడు.

కాసేపటికి బావమరిది టీ గ్లాసు తెచ్చి గోడ మీద పెట్టాడు. "అక్క ఇమ్మంది" అని, అటు వరసలో ఆవుల దగ్గరికి వెళ్ళిపోయి, వాటితో ఏదో మాట్లాడసాగాడు. ప్లానాయనకి మాటలు వినిపించలేదు. వినడానికి దగ్గరికి వెళ్ళనూ లేదు. గ్లాసు తీసుకుని ఉన్నచోటే నిలబడి తాగాడు.