దుప్పటి మూల మీది గుర్తు

"బండి ఇంకొక్క అడుగు ముందుకొస్తే ఎడ్ల కాళ్లు ఇరుగుతయ్!"

రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప. కంప వెనక ఊరివాళ్లు ముప్పై మంది, చేతుల్లో కర్రలు. బండిలో డ్యాం కూలీ జానయ్య. తెల్లవారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. నందికొండ దవాఖాన ఇంకా నాలుగు మైళ్లు. మధ్యాహ్నంలోగా సెలైను ఎక్కించకపోతే మనిషి దక్కడని డ్యాం క్యాంపు కాంపౌండరు చెప్పాడు.

జానయ్య భార్య గోపమ్మ ఎడ్ల పగ్గాలు పట్టుకుని నిలబడింది.

"మీ ఇండ్లల్లకు రాం. గీ రోడ్డెంబడి పోతం, గంతే. కంప తియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

హోటల్ రామచంద్రయ్య ముందుకొచ్చాడు. ఊరికి పత్రిక తెప్పించేదీ, ఆ పత్రికకు వార్తలు రాసి పంపేదీ ఆయనే. రోజూ తన చాయ్ హోటల్ అరుగు మీద ఆయన చదివితే ఊరు వింటుంది. పొద్దున చదివిందే మళ్లీ నొక్కి నొక్కి చదివాడు.

"'పాలమూరు కూలీలు తెచ్చిన కలరా. డ్యాం గుంపుల మురికితో గ్రామాలకు ముప్పు.' అచ్చుల పడ్డదమ్మా! అచ్చుల అబద్ధం పడ్తదా?"

"మురికి గుంపు! ఎనక్కి పో!"

ఓ రాయి వచ్చి బండి చక్రానికి తగిలింది. మొన్నటిదాకా ఈ మనుషులే ఆమె చెంబులో మజ్జిగ పోశారు.

"మేమొచ్చి మూడు నెలలాయె పటేలా. గన్ని దినాలు లేని రోగం ఇప్పుడెట్లొచ్చె?"

"పేపరోళ్లకు ఉత్తరం రాసి అడుగు పో!" ఎవడో అన్నాడు. గుంపులో నవ్వులు.

జానయ్య మూలిగాడు. మీద కప్పిన దుప్పటి జారింది. కంప దగ్గర కాపలా ఉన్న చాకలి గాలయ్య చూపు ఆ దుప్పటి మూల మీద ఆగిపోయింది. రెండు చుక్కలు, కింద ఒక గీత. నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు. బట్టలు తారుమారు కాకుండా ఇంటికో గుర్తు పెడతాడతను. అక్షరం ముక్క రాదు గానీ, గుర్తు చూస్తే ఏ ఇంటి బట్టో చెప్పేస్తాడు.

"చెల్లే, గీ దుప్పటి యాడిది?"

"వాగుల కొట్టుకొచ్చిందన్నా, వారం కింద. మేం నీళ్లు ముంచే జాగల తట్టుకుని ఉండె. అంతా మైలే గని, చినగలే. జాడిచ్చి ఆరేసిన. మూడోనాటికి మా గుంపుల మొదటి మనిషి పడ్డడు."

గాలయ్యకు గుర్తొచ్చింది. పదిరోజుల కింద ఆ గుర్తున్న ఇంట్లోనే, జాతర నుంచి వచ్చిన చుట్టం మంచం పట్టాడు. అజీర్తి అన్నారు. మైలబట్టల కోసం వెళ్తే, "ఈ వారం ఏం లేవు, రాకు" అని గుమ్మంలోంచే పంపేశారు. ఇరవై ఏళ్లలో ఆ మాట అన్న ఇల్లు అదొక్కటే. చాకలికి వేస్తే ఊరంతా తెలుస్తుంది. వాగులో పారేస్తే ఎవరికి తెలుస్తుంది?

"గాలిగా! బట్టల ముచ్చట ఇప్పుడెందుకురా? కంప కాడ నిలబడు!" రామచంద్రయ్య గొంతు చించుకున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. "ఎవలింటిదిరా అది?" అని ఒక ముసలాయన అడిగాడు.

చాకిరీకి ఆ ఇంటివాళ్లు కొలిచే గింజలు లేకపోతే గాలయ్య పొయ్యి వెలగదు.

"పేరు నాకెందుకన్నా," గోపమ్మ ఏడుస్తూ అంది. "తొవ్వ ఇడుస్తే సాలు."

పేరు చెప్పకుండా ఈ గుంపు తోవ వదలదు. జానయ్య పెదవులు నీలమవుతున్నాయి. గాలయ్య కర్ర పారేశాడు. వట్టి చేతులతో తుమ్మకంపను పట్టి పక్కకు లాగాడు. ముళ్లు దిగి అరచేతులు రక్తమయ్యాయి. ఎడ్లు కదిలాయి. గాలయ్య గుంపు వైపు తిరిగాడు.

"రోగం పాలమూరు నుంచి రాలే! మన ఊరి నుంచే వాగుల పడ్డది. గీ గుర్తు నేను పెట్టిందే. గీ దుప్పటి, గా పేపర్ల రాత, రెండూ ఒక్క ఇంటియే. హోటల్ రామచంద్రయ్యయి!"