మీ దూదికి కాలేయం ఉందా సార్?

మా రంగుల ఫ్యాక్టరీలో నిన్న ఐదుగురు చచ్చిపోతే, ఆసుపత్రి సూపరింటెండెంటు గారు ఐదుగురికీ గుండెపోటనే రాశాడు. ఒకే క్యాను మందు తాగిన ఐదు గుండెలు వరసపెట్టి ఆగిపోయాయట! అంత చదువు చదివినవాడు అబద్ధమైనా కాస్త శ్రద్ధగా ఆడొద్దూ?

ఆ క్యాను పంపింది కాంట్రాక్టరు. డబుల్ డ్యూటీ చేయించుకున్నప్పుడల్లా మందు పోయిస్తాడు, మహా దయామయుడు. ఈసారి గోడౌన్‌లో వార్నిషు పలచన చేసే మిథనాల్ డ్రమ్ము సగం ఖాళీ అయింది. వార్డులో ఇంకో ఏడుగురు "అంతా తెల్లగా కనబడుతోందన్నా" అంటూ గోడలు తడుముతున్నారు. విషమని తేలి, రిపోర్టు మీద సూపరింటెండెంటు సంతకం పడితేనే వాళ్లకి విరుగుడు ఎక్కిస్తారు. తేలకపోతే మరో ఏడు గుండెపోట్లు.

మధ్యాహ్నానికి ల్యాబులో పనిచేసే అక్క ఏడుగురి రక్తమూ పరీక్షించింది. అన్నిటిలోనూ మిథనాలే. కాగితాలు పట్టుకుని ఆవిడ సూపరింటెండెంటు గదికి బయల్దేరితే, వెనకే మేం యాభైమందిమి తోసుకుంటూ వెళ్లాం. కాంట్రాక్టరు అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. సిగ్గులేని జన్మ.

"నర్సు స్పిరిటు దూదితో తుడిచి సూది గుచ్చింది. స్పిరిటులో ఉండే మిథనాలే రక్తంలో కలిసింది. ఈ రిపోర్టు చెల్లదు," అన్నాడు సూపరింటెండెంటు.

మాతో వచ్చిన నర్సమ్మ తల దించుకుంది. వద్దని అక్క చెప్పినా, ఇరవయ్యేళ్ల చేతి అలవాటు, తుడిచేసింది. కాంట్రాక్టరు పళ్లికిలించాడు.

"సరే, దూదిలోంచే వచ్చిందనుకుందాం," అక్క రెండో కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది ఫార్మేటు. మిథనాల్ ఒంట్లోకి పోయాక కాలేయంలో తయారయ్యే విషం. కళ్లు పోగొట్టేది ఇదే. ఏడుగురిలోనూ దండిగా ఉంది. మీ దూదికి కాలేయం ఉందా సార్?"

కాంట్రాక్టరు ఫోను తీశాడు. ఐదు శవాలకు రాని పోలీసులు పది నిమిషాల్లో దిగారు. అనుమతి లేకుండా పరీక్ష చేసిందట!

"నన్ను తర్వాత తీసుకెళ్దురుగాని, ముందు సంతకం పెట్టించండి!" అని అరిచింది అక్క. విన్నవాడెవడు? ఆవరణలో జీపెక్కించి, కేసు కాగితాలు రాసుకుంటూ కూర్చున్నారు.

చనిపోయినవాళ్లలో ఒకతని భార్య వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "సంతకం పెట్టకుండా ఎట్లా పోతావో చూస్తా."

మేమంతా ఆమె పక్కన చేరాం. సూపరింటెండెంటు చెమటలు కక్కుతూ సంతకం గీకాడు. నర్సమ్మ ఆ కాగితం లాక్కుని వార్డుకి పరుగెత్తింది.

అప్పుడు మా మేస్త్రీ గొంతు తగ్గించి అన్నాడు: "ఆ క్యానులోది నేనూ తాగానురా. పనిలోంచి తీసేస్తారని చెప్పలేదు."

"నేనూ." "నేను కూడా తాగా."

ల్యాబులో రెండో అమ్మాయి అక్క కుర్చీలో కూర్చుంది. "అందరూ రండి. నన్నూ పట్టుకెళ్తారేమో చూద్దాం."

తాగినవాళ్లు చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డారు. తాగనివాళ్లమూ వాళ్ల వెనక నిలబడ్డాం. వరస ల్యాబు గుమ్మం నుంచి మెట్లు దిగి, ఆవరణ దాటి, గేటుకి అడ్డంగా సాగింది. అక్క ఉన్న జీపు హారను మోగించింది.

ఒక్కరూ జరగలేదు.