మసక కణాలు

లేజర్ తగిలిన చోట నల్లటి మచ్చ పడింది. ఎంతసేపు చూసినా అది అలాగే ఉండిపోయింది. తెర ముందు కూర్చున్న మాధవీలత కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"గడ్డకట్టింది రెబెక్కా. ద్రవమైతే ఈపాటికి మచ్చ పూడేది."

తుర్కపల్లిలోని ఆ చిన్న ల్యాబుకు ఆవిడే పెద్ద. రెబెక్కా ఆవిడ దగ్గర చేరాక సొంతంగా ఆలోచించి తయారుచేసిన మొదటి ప్రొటీన్ ఇది. ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్‌కు, తనతో తానే అంటుకునే దారం లాంటి మరో ప్రొటీన్‌ను జతచేసింది. జతపడిన ఆ ప్రొటీన్ కణం లోపల, నీళ్ళలో నూనె చుక్కల్లా గుండ్రంగా చేరాలి. చుక్కలుగానే ఉండాలి, గట్టిపడకూడదు. నరాల జబ్బులకు మందులు వెతికే కంపెనీ ఒకటి ఆ చుక్కల మీద తన మందుల్ని పరీక్షించుకుంటానంది. చుక్క నిజంగా ద్రవమైతే, లేజర్‌తో వెలుగు చంపిన చోటికి పక్కనున్న ప్రొటీన్ పారి వస్తుంది. మచ్చ మళ్ళీ పచ్చబడుతుంది.

"మన భానుప్రకాశ్ ఇదివరకు చేసిన పాత ప్రొటీన్‌నే సోమవారం కంపెనీకి పంపిద్దాం," అన్నారు మాధవీలత. "అది అంతంతమాత్రమే, కానీ గడ్డకట్టదు. నీది ఇక్కడితో ఆపేద్దాం."

"సాయంత్రం దాంక టైమియ్యండి మేడమ్. నావి గడ్డలు కావు."

"కళ్ళ ముందు కనిపిస్తుంటే?"

"ఇంకా సరిగ్గ చూడలేదు మనం. చూసి మిమ్మల్ని పిలుస్త."

ఆవిడ తన గదిలోకి వెళ్ళిపోయారు. పొద్దుటి నుంచి మైక్రోస్కోపు దగ్గర ఫొటోలు తీస్తున్న జూనియర్ లిఖిత ఊపిరి వదిలింది.

"అక్కా, ఏం ధీమా నీది! మేడమ్‌కే ఎదురు చెప్పినవ్."

"నా ధీమా సంగతి తర్వాత. ఏ కణాన్ని పట్టుకున్నవ్ నువ్వు?"

"మస్తు మెరుస్తున్నదాన్నే పట్టుకున్న. ఎవరైనా గదే పట్టుకుంటరు గదా."

"పెండ్లిచూపులకు పోయినవా, మెరిసేటోళ్ళను ఏరుకోనీకి?"

లిఖిత నవ్వింది. రెబెక్కా ఆమెను తప్పుపట్టలేదు. ఆ ల్యాబులో అందరి అలవాటూ అదే. మైక్రోస్కోపు ముందు కూర్చోగానే బాగా మెరిసే కణాన్ని వెతుకుతారు. కంటికి సుఖం, రిపోర్టుకు అందం. కానీ జన్యువును లోపలికి పంపినప్పుడు కణాలన్నీ దాన్ని సమానంగా తీసుకోవు. ఎక్కువ తీసుకున్న కణం ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. అందుకే అంత మెరుస్తుంది. ఆ రద్దీలో చుక్క ద్రవంగా నిలవదు, గడ్డకడుతుంది.

రెబెక్కా గదిలో లైట్లు ఆర్పేసింది. మెరిసే కణాలన్నిటినీ దాటుకుంటూ పోయి, ఉన్నాయో లేవో అన్నట్టున్న మసక కణాల దగ్గర ఆగింది. ఒకదాని తర్వాత ఒకటి చూడసాగింది. కింద ల్యాబువాళ్ళను ఇళ్ళకు చేర్చే క్యాబ్ హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది, వెళ్ళిపోయింది.

కాసేపటికి అల్వాల్ నుంచి ఆమె అత్తగారు కృపమ్మ ఫోన్ చేసింది.

"ఏడున్నవ్ బిడ్డా? ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నమని మర్చినవా? పాస్టరయ్య వచ్చి కూసున్నడు."

"మర్వలే అత్తమ్మా. క్యాబ్ పోయింది. మీరు షురూ చెయ్యిండ్రి."

"మరి పాట ఎవరు ఎత్తుకోవాలె?"

"శామ్యూల్ ఎత్తుకుంటడు."

"మీ ఆయన ఎత్తుకుంటే వచ్చినోళ్ళు చెప్పులేసుకొని పోతరు! గా పురుగులను రేపు చూస్తే కాదా?"

"పురుగులు కావు అత్తమ్మా. ఇయ్యాల చూపియ్యకుంటే నేను చేసింది పక్కన పడేస్తరు."

"అట్లనా? అయితే చూపిచ్చే రా. చాయ్ నేను పెట్టుకుంట," అని కృపమ్మ ఫోన్ పెట్టేసింది.

రెబెక్కా మాధవీలతను పిలిచి కుర్చీ ఇచ్చింది. "మీరే ఒక కణాన్ని ఎంచుకోండి మేడమ్. మెరిసేది మాత్రం వద్దు."

"మసకవే చూడమంటే, మనకు కావలసినవే ఏరుకున్నట్టు కాదా?"

"అందుకే అన్నిరకాలూ చూసిన. మెరుపు ఒక హద్దు దాటినంకనే గడ్డలు కనిపిస్తున్నయ్. ఆ హద్దుకు లోపల ఒక్కటి గూడ గట్టిపడలే. ఆ హద్దు ఎంతో కొలిచి, కంపెనీవాళ్ళకు చెప్పే పంపుదాం."

మాధవీలత చాలాసేపు వెతికి, ఓ మూలనున్న కణాన్ని ఎంచుకున్నారు. అందులో ఒక చుక్క మీదికి లేజర్ వదిలారు. చుక్క సగం నల్లబడింది. లిఖిత కుర్చీ వెనక బిగుసుకుని నిలబడింది.

మచ్చ అంచు కొద్దిగా పలచబడింది. పచ్చదనం మెల్లగా లోపలికి పాకింది. చూస్తుండగానే ఏది నల్లగా ఉన్న సగమో తెలియకుండా పోయింది. పక్కనే రెండు చుక్కలు ఒకదాన్నొకటి తాకి, నడుమ సన్నటి మెడలా సాగి, ఒక్క పెద్ద చుక్కయ్యాయి.

"ద్రవమే," అన్నారు మాధవీలత, తెర మీంచి చూపు తిప్పకుండా. "సోమవారం నీదే పోతుంది. కానీ వాళ్ళు ఇంత మసకగా ఉందేమిటని అడుగుతారు."

"నాకు ఫోనివ్వండి మేడమ్. ఎక్కువ మెరిస్తే పని చెడుతదని నేనే చెప్త."

"సరే, నువ్వే మాట్లాడు." ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు. "ఇంకో కణం చూపించు."

"ఒక్కటే మేడమ్. ఇంట్ల జనం నాకోసం కూసున్నరు," అంది రెబెక్కా. తర్వాత లిఖిత వైపు తిరిగింది. "నువ్వు పోయి నీ స్కూటీ తియ్యి, నన్ను ఇంటికాడ దింపుదువు."